దిల్‌కు మిషన్ పెట్టిండ్రు, కాళ్లకు తాళం వేసిండ్రు

అమ్మీకి పోయిన రజబ్‌లో పేస్‌మేకర్ పెట్టిండ్రు. హైదరాబాద్ దవాఖాన నుంచి గద్వాలకు తోలుకొచ్చిన తెల్లారి నుంచే ఇంట్ల హుకుంలు షురూ అయినయి. లేవొద్దు. వంగొద్దు. మెట్లెక్కొద్దు. మిక్సీ దగ్గరికి పోవద్దు, మిషన్‌కు కరెంటు గుంజుతది. ఫోన్ ముట్టుకోవద్దు. నమాజ్ కుర్చీల కూర్చొని చదవాలె. ఎడమ చెయ్యి కదిలితే లోపలి వైరు ఊడొస్తదని మా ఖాలా ఒకామె తన దుపట్టాతోనే ఆ చేతిని ఒంటికి కట్టి పోయింది. ఖైరియత్ అడగనీకె సంత్రాలు, సేబులు పట్టుకొని వచ్చిన ప్రతి మనిషీ ఓ కొత్త మనాహీ వదిలిపెట్టి పోయిండు. అమ్మీ మంచినీళ్లకు లేవబోతే భాభీ ఉరికొస్తది: "ఉఠో నక్కో అమ్మీ, మై లాతియుం."

దీన్ని మొహబ్బత్ అంటరు. మొహబ్బతే, నాకు షక్ లేదు. ఈ మజ్మూన్ ఆ మొహబ్బత్‌కు ఖిలాఫ్‌గనే రాస్తున్న. ఎందుకంటే ఈ ఆట మా ఇంట్ల ఇంతకుముందు ఒకసారి ఆడింది. అది ఎట్ల ఖతమైందో నాకు తెలుసు.

మా అబ్బా ఆర్టీసీ కండక్టర్. గద్వాల డిపో. రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ రూట్లల్ల ముప్పై ఏండ్లు నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. నిండు బస్సుల ముందు డోర్ నుంచి వెనక సీటు దాకా మనుషులను చీల్చుకుంట ఎన్ని కోసులు నడిచిండో అల్లాకే ఎరుక. రిటైరైన మూడేండ్లకు, 2009ల, మస్జిద్ వజూఖానాల చక్కరొచ్చి పడ్డడు. లేపింది మా భాయిజాన్. నాడి చూస్తే నిమిషానికి 34. పూర్తి హార్ట్ బ్లాక్ అన్నరు. నసీబ్ మంచిగుండి అప్పటికే ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ స్కీం మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా పాత మహబూబ్‌నగర్ ఒకటి. తక్కిన రెండు అనంతపురం, శ్రీకాకుళం. పైసా ఖర్చు లేకుండ మిషన్ పడ్డది. దానికి ఇప్పటికీ షుక్రియా చెప్త. కండక్టర్ ఇంట్ల అన్ని పైసలు యాడ తెచ్చేవాళ్లం?

డిశ్చార్జ్ కాయితం మీద ఒక లైను ఉండె: ఎక్కువ శ్రమ పడకూడదు. ఎక్కువ అంటే ఎంత? చెప్పినోళ్లు లేరు, అడిగే అఖల్ మాకూ లేకపాయె. మాకు తెలిసిన మతలబ్ మేము తీసుకొని తఖ్త్ మీద పండబెట్టినం. అప్పుడే రిపోర్టర్‌గ కుదురుకుంటున్న నేను, ఆ నెల జీతంతోని మెత్తటి పరుపు కొనుక్కొచ్చిన. పెద్ద ఫర్మాబర్దార్ కొడుకును కద. అబ్బా డిపో దాకా పోయి దోస్తులను చూసొస్త అంటే ఆటో పిలిచేది. కొన్నాళ్లకు దోస్తులనే ఇంటికి పిలిచినం. కొన్నాళ్లకు వాళ్లు రాక తగ్గింది. రెండేండ్లల్ల ఆయన తొడలు నా చేతులంత సన్నం అయినయి. లేని షుగర్ వచ్చింది. 2013 చలికాలంల బాత్రూం కాడ పడితే తుంటి ఎముక విరిగింది. ఇగ మంచం, వీపున పుండ్లు, నిమోనియా. 2014ల ఇంతెఖాల్ అయిండు.

గుసల్ ఇచ్చేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేసిన. హంస్లీ ఎముక కింద, తోలు అడుగున, ఆ డబ్బా నా వేళ్లకు తగిలింది. గట్టిగ, అంచులతో సహా. శవాన్ని దహనం చేసేవాళ్లు దాన్ని ముందే తీపిస్తరు, లోపలి బ్యాటరీ మంటల పేలుతది కాబట్టి. మన దాంట్ల అట్లనే దఫన్ చేస్తం. తుంటి విరగక ముందు చేసిన చెకింగ్‌ల బ్యాటరీ ఇంకా నాలుగైదేండ్లు వస్తదని చెప్పి ఉండిరి. అబ్బా కంటె మిషన్‌కు ఉమర్ ఎక్కువ మిగిలింది. మా అబ్బా దిల్ ఖరాబై పోలేదు. కాళ్లు లేక పోయిండు. ఆ కాళ్లు గుంజుకున్నది మేము.

అసలు ఆ డబ్బా ఏం పని చేస్తదో మా మొహల్లాల తెలిసినోళ్లు తక్కువ. స్టెంట్, బైపాస్, పేస్‌మేకర్ అన్నిటినీ ఒక్క గంపల వేసి "దిల్ కా ఆపరేషన్" అంటరు. స్టెంట్ రక్తనాళం మూసుకపోకుండ పట్టి ఉంచే జాలి. బైపాస్ అంటే మూసుకపోయిన నాళానికి పక్క నుంచి ఇంకో తొవ్వ. పేస్‌మేకర్‌కు ఈ నాళాలతోని పనే లేదు, దానిది కరెంటు పని. అబ్బా జబాన్‌ల చెప్త: కండక్టర్ విజిల్ ఊదితెనే డ్రైవర్ బండి తీస్తడు. గుండె పైగది గోడల ఒక చిన్న కండక్టర్ ఉంటడు, కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 విజిళ్లు ఊదుతడు. ఆ విజిల్ నడిమిట్ల ఒక గేటు దాటి కింది గదులకు వినపడాలె. కండక్టర్ సుస్తైనా, గేటు మూసుకపోయినా బండి కదలదు, మనిషి కండ్లకు చీకట్లు వస్తయి. పేస్‌మేకర్ ఇంకో కండక్టర్. చెవి పెట్టి వింటుంటది. అసలు విజిల్ టైముకు వస్తే ఊకుంటది, రాకపోతే తానే ఊదుతది. గంతే. గుండె కండకు దాంతోని కొత్త బలమేమీ రాదు. బండి ఇంజన్‌ను అది బాగుచెయ్యదు. ఇంజన్‌ను మంచిగ ఉంచేది బండిని నడపడమే.

"నడిస్తే బ్యాటరీ జల్దీ అయిపోతది." ఇది మా మొహల్లా సైన్స్‌ల ఫస్ట్ ర్యాంకు మాట. మూసుకపోయిన గేటు ఉన్న మనిషి పండుకున్నా సరే, ప్రతి దెబ్బకూ మిషన్ విజిల్ ఊదాల్సిందే. పండుకుంటే బ్యాటరీ బచత్ కాదు. మామూలుగ అది ఎనిమిది, పది, కొన్నిట్ల పన్నెండేండ్లు కూడ వస్తది. అయిపోయేముందు నెలల ముందుగనే చెకింగ్‌ల తెలుస్తది. అప్పుడు డబ్బా మారుస్తరు. దాచుకొని ఏం చేసుకుంటరు?

ఇంకో సంగతి. మనం నడుస్తుంటే ఒంటికి నెత్తురు ఎక్కువ కావాలె, నాడి వేగం పెరగాలె. పెంచే తాఖత్ సొంత గుండెకు లేనోళ్ల కోసం ఇప్పటి మిషన్లల్ల చానా వాటికి ఒక సెన్సర్ ఉంటది. ఒంటి కుదుపును పసిగట్టి, ఈ మనిషి నడుస్తున్నడు అని తానే వేగం పెంచుతది. అంటే ఆ మిషన్‌ను తయారుచేసినోడు మనిషి నడుస్తడు అనుకొనే తయారుచేసిండు. మనం పండబెడుతున్నం. ఈ సెన్సర్ తమాషా ఏందంటే, ఇంట్ల నిలబెట్టి తొక్కే సైకిల్ మీద కాళ్లు ఎంత తిరిగినా ఛాతీ కదలదు కాబట్టి కొన్నిసార్లు దానికి తెల్వనే తెల్వదు. నడకైతే మస్తుగ తెలుస్తది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే "ఇగ వయసైంది" అని గమ్మున ఉండొద్దు, ఆ సెట్టింగ్ సరిగ ఉందా అని డాక్టర్‌ను అడగాలె. బయట నుంచే మార్చొచ్చు, కోత లేదు.

ఈ కుదుపు లెక్క కొన్ని మిషన్లు రాసి కూడ పెట్టుకుంటయి. నాకు ఇది తెల్వదు. ఆరు వారాలకు అమ్మీని చెకింగ్‌కు తీస్కపోతే, టెక్నీషియన్ పిల్ల ఛాతీ మీద రిమోట్ లాంటిది పెట్టి కంప్యూటర్ల గ్రాఫ్ తీసింది. రోజుకు ఈమె ఎంతసేపు కదిలింది అనే గీత. నేల మీద పడుకున్న పాము లెక్క ఉంది. "అమ్మా, మీరు అసలు లేస్తలేరా?" అని అడిగింది. అమ్మీ నా దిక్కు చూసింది. మా ఖాందాన్ మీద మా అమ్మీ నోరు తెరిచి ఒక్క షికాయత్ చెయ్యలే. ఆమె గుండెల ఉన్న మిషన్ గవాహి ఇచ్చింది.

అదే రోజు ఇంకోటి బయటపడ్డది. దుపట్టాతోని కట్టిన చెయ్యి భుజం కాడ పట్టేసింది. జుట్టు దువ్వుకోలేకపోతున్నది. డాక్టర్ నెత్తి పట్టుకున్నడు. ఆయన చెప్పింది నాలుగు నుంచి ఆరు వారాలు ఆ చెయ్యి భుజం కంటె మీదికి ఎత్తొద్దు, బరువు మొయ్యొద్దు అని. లోపలి వైరు గుండె గోడకు కుదురుకునే దాకా ఎహతియాత్. అసలుకే కదిలించొద్దని చెప్పలే. మోచెయ్యి, మణికట్టు, భుజం కింది దాకా మామూలుగ ఆడించాలె. దవాఖాన చెప్పిన మాటకూ మా ఇంటికి చేరిన మాటకూ నడుమ దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్ల ఫరఖ్ ఉంది.

1966ల అమెరికాల డాలస్‌ల ఒక తజ్రుబా చేసిండ్రు. ఇరవై ఏండ్ల పడుచు పోరగాండ్లను, ఏ బీమారీ లేనోళ్లను, ఐదుగురిని మూడు వారాలు మంచం మీద పండబెట్టిండ్రు. లేచినంక చూస్తే వాళ్ల ఒంటి దమ్ము నాలుగో వంతుకు పైన పడిపోయింది. ముప్పై ఏండ్లకు అదే ఐదుగురిని మళ్ల పిలిచి చూసిండ్రు. ముప్పై ఏండ్ల ముసలితనం చేసిన నుక్సాన్ కంటె ఆ మూడు వారాల మంచం చేసిందే ఎక్కువ తేలింది. ఇరవై ఏండ్ల పిల్లగాని గతే గట్లుంటే అరవై ఒక్క ఏండ్ల మా అబ్బా గతి ఏంది? ఆయనకు మేమిచ్చింది మూడు వారాలు కాదు, నాలుగేండ్లు.

లండన్‌ల జెర్రీ మోరిస్ అనే డాక్టర్ 1953ల రెండంతస్తుల బస్సుల సిబ్బందిని లెక్కదీస్తే, కూర్చొని బండి తోలే డ్రైవర్లకన్న, పొద్దంత మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె బీమారీలు తక్కువ అని తేలింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలే. కండక్టర్‌ను తీసుకొచ్చి సీటుకు కట్టేసినం మేము.

ఒంట్ల పూర్తిగ పెట్టే పేస్‌మేకర్ దునియాల మొట్టమొదటిసారి 1958 అక్టోబర్ 8న స్వీడన్‌ల పెట్టిండ్రు. ఆర్నె లార్సన్ అనే 43 ఏండ్ల ఇంజనీర్‌కు. ఆ మొదటి డబ్బా కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత జిందగీ మొత్తంల ఇరవైకి పైగ మార్చిండ్రు. ఆయన దేశాలు తిరిగిండు, కొలువు చేసిండు, 86 ఏండ్లు బతికి 2001ల పోయిండు, అదీ గుండెతోని కాదు, క్యాన్సర్‌తోని. ఆపరేషన్ చేసిన సర్జన్ సెన్నింగ్, డబ్బా తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్, ఇద్దరూ ఆయనకంటె ముందే పోయిండ్రు. ఆయనకు దొరికింది నాసిరకం మిషన్లు, మా అబ్బాకు దొరికింది మేలు రకం. ఫరఖ్ ఎక్కడుంది మరి?

ఇక మస్జిద్ కుర్చీల ముచ్చట. నాకు ఫత్వా ఇచ్చే హైసియత్ లేదు, నేను సహాఫీని. కాని కండ్లున్నయి. నా చిన్నప్పుడు మా మస్జిద్‌ల ఒక్క కుర్చీ ఉండె, ఇప్పుడు సఫ్ రెండు చివర్ల కుర్చీల లైన్లు. నిలబడే తాఖత్ లేనోడికి కూర్చొని చదివే ఇజాజత్ ఉంది, అది అల్లా మెహర్బానీ, మాజూర్‌ల మీద నాకు ఏ నారాజీ లేదు. నేను అడిగేది, మార్కెట్‌కు నడిచిపోయి, పెండ్లిల రెండు గంటలు నిలబడి మాట్లాడే మనిషి, మిషన్ పడ్డదని చెప్పి నమాజ్‌కు మాత్రమే మాజూర్ ఎట్లయిండు? రోజుకు 17 ఫర్జ్ రకాత్‌లు, 34 సజ్దాలు. గాయం మానినంక, మోకాళ్లు సహకరిస్తే, అంతకంటె ముసలి ఒంటికి కుదిరిన కదలిక ఏముంది? ఫిఖ్‌హ్‌ల ఇసొంటి సడలింపును రుఖ్సత్ అంటరు. సాగనంపడానికీ అదే మాట. మా అబ్బాకు మొదటి రుఖ్సత్ మేము తొందరపడి ఇచ్చినం, రెండోది తొందరగ వచ్చింది.

ఉర్దూ మీడియంల మా ఉస్తాద్ హురూఫ్ నేర్పేటప్పుడు జబర్, జేర్, పేష్‌లను హర్కత్‌లు అని చెప్పేది. హర్కత్ లేని హర్ఫ్ సాకిన్. సాకిన్ హర్ఫ్‌తోని ఏ లఫ్జ్ కూడ మొదలు కాదనేది. మన యునానీ హకీములు సెహత్‌కు జరూరీ అని లెక్కపెట్టిన ఆరు సంగతుల్ల "హర్కత్ ఒ సుకూన్", అంటే ఒంటి కదలిక, ఒంటి విశ్రాంతి, ఒక జోడు. జోడు అన్నరు, ఒక్క సుకూన్ అనలే. ఇబ్న్ సీనా తన ఖానూన్‌ల రియాజత్ కోసం ఎన్ని పేజీలు కేటాయించిండో చూడాలె. "హర్కత్ మే బర్కత్" అని దుకాణంల పిల్లగాండ్లకు చెప్పే ముసలోళ్లే, తమ వంతు వచ్చేసరికి తకియా అడుగుతరు. లేకపోతే మేము అడగకముందే తెచ్చిపెడుతం.

సర్కార్ మాట కూడ మాట్లాడాలె. మిషన్‌కు పైసలిచ్చే స్కీం ఉంది, 2023 డిసెంబర్ల హద్దు పది లక్షలకు పెంచిండ్రు కూడ, మంచిదే. మిషన్ పడ్డ మనిషికి మళ్ల నడక నేర్పేది ఎవరు? అమ్మీ కోసం ఈ దిక్కు ఎంత తిరిగినా అసొంటి చోటు నాకు దొరకలే. నాగర్‌కర్నూల్, వనపర్తిల 2022ల మెడికల్ కాలేజీలు వచ్చినయి, గద్వాలకు 2024ల వచ్చింది. నేను కోట్ల రూపాయల బిల్డింగ్ అడుగుతలేను. గుండె రోగి ఆరు నిమిషాల్ల ఎంత దూరం నడుస్తడో చూసే పరీక్షకు కావాల్సింది ముప్పై మీటర్ల వరండా, ఒక గడియారం, ఒక కుర్చీ, బీపీ మిషన్. వారానికి ఒక పూట ఒక ఫిజియోథెరపిస్ట్ కూర్చొని, మిషన్ పడ్డోళ్లను, స్టెంట్ పడ్డోళ్లను నడిపించి, ఇంట్లోళ్లను పక్కకు పిలిచి "పండబెట్టకుండ్రి" అని ఒక్క మాట తెలుగుల, ఉర్దూల చెప్తే చాలు. వరండాలు మూడు ఊర్లల్లా ఉన్నయి.

ఆడోళ్ల సంగతి ఇంకా కష్టం. మగోడు పొద్దున టవల్ వేసుకొని నడిస్తే సెహత్. మా అమ్మీ బుర్ఖా కింద బూట్లేసుకొని గల్లీ దాటితే తమాషా. "ఈ ఉమర్‌ల వాకింగ్ కైకు అమ్మా?" అని పాల ప్యాకెట్ల కాడ నిలబడ్డోడు కూడ అడిగిండు. ఫుట్‌పాత్ లేదు, కుక్కలున్నయి, బైకులు మీదికొస్తయి. అందుకే ఫజర్ కాంగనే బయల్దేరుతున్నం. మరో గంటైతే ఈ ఏప్రిల్ ఎండల మా నడిగడ్డల ఎవ్వరూ నడవలేరు.

ఎట్ల నడుస్తున్నమో అడుగుతరు, చెప్త. డాక్టర్‌ను అడిగినంకనే మొదలుపెట్టినం. మీరూ అట్లనే చెయ్యాలె, ఎందుకంటే అందరి గుండెలు ఒక తీరు ఉండవు. కొందరికి పడేది షాక్ కొట్టే ఐసీడీ, దానికి నాడి హద్దు వేరే చెప్తరు. మొదట ఐదు నిమిషాలు, పొద్దున ఒకసారి, అస్ర్ తర్వాత ఒకసారి. వారం వారం రెండు మూడు నిమిషాలు పెంచినం. నడుస్తూ మాట్లాడగలగాలె, మాట తెగితే మెల్లగ పోవాలె. చక్కరొస్తే, ఛాతీల నొప్పి వస్తే, మిషన్ కాడ ఎర్రగ వాస్తే, ఎక్కిళ్లు ఆగకపోతే ఆపి డాక్టర్‌కు చూపాలె. ఫోన్ జేబుల కాదు, కుడి చేతి సంచిల. మిషన్‌కు జానెడు దూరం ఉంటే చాలు. మిక్సీ తిప్పొచ్చు. బరువు బిందెలు ఆ పక్క ఎత్తొద్దు, కుస్తీ పట్టొద్దు. మా అమ్మీకి ఆ షౌఖ్ లేదు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు పెద్దలకు వారానికి 150 నిమిషాలు అంటరు. మేము ఇప్పుడు 120 కాడ ఉన్నం.

అమ్మీకి ఉమ్రా పోవాలని ఉంది. సఫా, మర్వా నడుమ ఏడు తిరుగుళ్లు కలిపితే మూడు కిలోమీటర్లకు పైనే. వీల్‌చైర్ దొరుకుతదని భాయిజాన్ అంటడు. నా కాళ్ల మీద చేస్త అని అమ్మీ అంటది. మిషన్ పడ్డంక ఆమె జిద్ చేసింది ఇదొక్కటే.

భాయిజాన్‌ను నేను తప్పు పడుతలేను. వజూఖానాల పడ్డ అబ్బాను చేతులమీద లేపింది ఆయన. ఆ బరువు నేను మోయలే. ఆయనకు అమ్మీ గడప దాటిన ప్రతిసారీ అదే కనపడుతది. నాకు గుసల్ తఖ్తా మీది కాళ్లు కనపడుతయి. మా ఇద్దరి డరూ అబ్బాదే, పక్కలే వేరు.

కోట కాడికి మా గల్లీ నుంచి కిలోమీటర్‌కు కొంచెం తక్కువ. నేను తెలుగు డిగ్రీ చదివిన కాలేజీ ఆ కోటలనే. నిన్న పొద్దున అమ్మీ దర్వాజా దాకా పోయి, చెయ్యి గోడకు ఆనించి నిలబడి, దమ్ము తీసుకొని, "నువ్వు ఇక్కడ మూడేండ్లు చదివితివి, నేను ఎన్నడూ చూడలే" అన్నది. ఎడమ చేతితోనే. ఆ భుజం ఇప్పుడు చెవి దాకా లేస్తున్నది. తిరిగొచ్చేసరికి భాయిజాన్ గడప మీద నిలబడి ఉన్నడు. ఆయన నాతోని మాట్లాడి పదకొండు రోజులైంది. నిన్న కూడ మాట్లాడలే. అమ్మీ బూట్ల లేసులు మాత్రం వంగి ఆయనే విప్పిండు.